పాములకూ చేపలకూ తెలుగు పేర్లు రాసుకున్న డాక్టరు గారు

రక్తపింజర పేరు వినని రైతు మన జిల్లాల్లో ఉండడు. ఇంగ్లీషులో ఆ పామును రసెల్స్ వైపర్ అంటారు. ఆ రసెల్ ఒక డాక్టరనీ, ఆయన మన విశాఖపట్నంలోనే కాపురమున్నారనీ మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈసారి ఆయనను గూర్చి రాస్తున్నాము.

పాట్రిక్ రసెల్ గారు 1727లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టారు. సిరియా దేశంలోని అలెప్పో పట్టణంలో ఇంగ్లీషు వర్తకులకు వైద్యునిగా సుమారు 18 ఏళ్లు పనిచేశారు. 1760-62లో అక్కడ ప్లేగు వచ్చింది. ఆ రోజుల్లో తాను చూసినదంతా తరువాత 1791లో పెద్ద గ్రంథంగా అచ్చు వేయించారు. అక్కడి పాషా ఆయనకు తలపాగా ధరించే గౌరవం కూడా ఇచ్చాడు.

1781లో ఆయన తమ్ముడు క్లాడ్ రసెల్ విశాఖపట్నంలో కంపెనీ వారి ముఖ్య అధికారిగా వచ్చాడు. తమ్ముని కుటుంబానికి తోడుగా డాక్టరు గారూ వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 54. ఉద్యోగమేమీ లేదు. ఆ వయస్సులో వాలుకుర్చీలో కాలక్షేపం చేసినా అడిగేవారు లేరు. ఆయన మొక్కలు ఏరడం మొదలుపెట్టారు. తరువాత పాములు, ఆపైన చేపలు. 1785లో కంపెనీ వారి ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ చనిపోగా ఆ పని రసెల్ గారికే అప్పగించారు. సరదాగా చేస్తున్నది అలా బాధ్యతగా మారింది.

అప్పట్లో ఏ పాము కరిచినా జనానికి ఒకటే భయం. ఏది విషపామో, ఏది కాదో తేల్చి చెప్పాలి. రసెల్ గారు పాములు తెప్పించి, పొలుసులు లెక్కపెట్టి, కోరలు పరీక్షించారు. కోళ్లను, కుక్కలను కరిపించి ఏ విషం ఎలా పనిచేస్తుందో రాసుకున్నారు. ఇది చదవడానికి మనకు కష్టంగానే ఉంటుంది. పాముకాటుకు మందుగా పేరుపొందిన తంజావూరు మాత్రను కూడా ఆయన పరీక్షకు పెట్టారు. ఆ మాత్రలో ఉన్నది పాషాణం!

మాకు ఎక్కువ నచ్చిన సంగతి మరొకటి. ఆయన పాములకు మనవాళ్లు చెప్పిన పేర్లే పెట్టుకున్నారు. 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో రక్తపింజర పేరు 'కాటుక రేకుల పొడ'. ఆ మచ్చలు చూసినవారికి ఇంతకంటే చక్కని పేరు తోచదు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దానికి రసెల్ గారి పేరు తగిలించారు. పసుపు, నలుపు పట్టీలున్న పామును ఆయన 'బంగారు పాము' అని రాశారు. ఆ మాట నుండే 'బంగారస్' అనే శాస్త్రీయ నామం పుట్టింది. మన కట్లపాము ఆ జాతిదే.

కరిచిన పామును పైపైన చూసి విషం ఉన్నదీ లేనిదీ తేల్చే సులువైన గుర్తు ఈనాటికీ లేదు. కాబట్టి పామును వెదుకుతూ, చంపి తెస్తూ కాలం పోగొట్టవద్దు. కాటు వేసిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. ఆ కాలును లేక చేతిని కదల్చనివ్వక, ఉంగరాలు, కడియాలు తీసివేసి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలి, మాట ముద్దయి, ఊపిరి ఆగిపోవచ్చు. రక్తపింజర విషం వేరు. రక్తం గడ్డకట్టదు, చిగుళ్లనుండి కారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టర్లు కొంచెం రక్తాన్ని గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూసేది ఇందుకే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే. రసెల్ గారి కాలంలో అది లేదు. విషం విరుగుడు సీరం 1890లలోనే వచ్చింది. మందు ఉండి కూడా, 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది.

ఇక చేపల విషయం. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో ఆయన రెండు సంపుటాలు వేశారు. అందులోనూ మన జాలర్ల పేర్లే. తాకితే షాకు కొట్టే చేప పేరు 'తిమ్మిరి'. 'పాలసొర' కూడా ఉంది. ఆ పేరు అటుపిమ్మట శాస్త్రీయ నామాలలోకీ ఎక్కింది. బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టడం ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నదే. చేప మంచి ఆహారమే గాని, పాలు పడేది బిడ్డకు మాటిమాటికీ పాలిచ్చినప్పుడని తల్లులకు మనవి.

రసెల్ గారు 1789లో ఈ తీరం విడిచి స్వదేశం వెళ్లారు. పెళ్లి చేసుకోలేదు. ఆయన తరువాత ఆ పని చేపట్టిన రాక్స్‌బర్గ్ డాక్టరు కోరమాండల్ తీరపు మొక్కలపై గ్రంథం తెచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది ఈయనే. 1803లో చేపల పుస్తకం వెలువడేనాటికి ఆయనకు 76 ఏళ్లు. 1805 జూలై 2న లండనులో కన్నుమూశారు. పాముల పుస్తకంలో చివరి భాగాలు ఆ తరువాత అచ్చయ్యాయి.