కలంకారీ... కలకాలం!

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్లే దారిలో ఏర్పేడు దాటితే, ఇక వచ్చేది కలంకారీ ఊరే. అక్కడ చేత్తో గీసిన చీరో దుప్పటో కొన్నవాళ్లకి ఒకటే బెంగ... ఉతికితే రంగు పోతుందేమోనని! ఆ గుడ్డని ఎలా తయారుచేస్తారో తెలిస్తే, ఎలా కాపాడుకోవాలో కూడా తెలిసిపోతుంది.

ముందు నూలుగుడ్డని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో దానిమీద గీస్తే, ఇనుమూ కరక్కాయా కలిసి గీత నల్లబడుతుంది. అందుకే తుప్పుపట్టిన బకెట్లో నానబెట్టారంటే అక్కర్లేనిచోట కూడా నల్లమచ్చలు పడతాయి. ఆ నలుపుకి పులుపు పడదు. నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికితే వెంటనే చన్నీళ్లతో కడిగేయాలి.

ఎర్రరంగు పటిక సాయంతో గుడ్డకి పట్టుకుంటుంది. బ్లీచింగ్ పౌడర్ తగిలితే మాత్రం రంగులు వెలిసిపోతాయి. ఎర్రటి ఎండా అంతే, ముఖ్యంగా పసుపురంగుకి. కాబట్టి మొదటిసారి విడిగా చన్నీళ్లలో జాడించండి. తర్వాత్తర్వాత పల్చటి కుంకుడురసం చాలు. గట్టిగా పిండకుండా నీడన ఆరేసి, తిరగేసి ఇస్త్రీ చేయండి.

రోజుల తరబడి కూర్చుని గీసిన బొమ్మ ఒక్క ఉతుక్కే వెలిసిపోకూడదు కదా మరి!