మౌనము కూడ నేరమే

మౌనము అర్ధాంగీకారమని పెద్దల మాట. ఈ మాట యెంత కఠినమైనదో అమెరికాలోని ఒక ఆటగాడు తన జీవితమునే మూల్యముగా చెల్లించి తెలిసికొనెను.

1919లో బేస్‌బాల్ క్రీడ యొక్క అగ్రపోటీలో చికాగో వైట్ సాక్స్ జట్టు సిన్సినాటి రెడ్స్ చేతిలో ఓడిపోయెను. చికాగోకే విజయమని పెక్కురు తలంచియుండిరి. ఆ ఓటమి వెనుక జూదరుల ధనమున్నదని మరుసటి యేట బయల్పడెను. ఎనమండుగురు ఆటగాండ్రపై అభియోగము వచ్చెను.

వారేల లోబడిరి? దురాశ యొక్కటే కారణమనుట సులభము. కాని ఆనాటి ఒప్పందముల ప్రకారము, యజమాని విడిచిననే తప్ప ఆటగాడు వేరొక జట్టునకు పోజాలడు. ఇచ్చిన జీతమునకు తలయొగ్గవలసినదే. ఆ అసంతృప్తి జూదరులకు ఆసరా యయ్యెను. పందెము కాయువానికి ఫలితము ముందే తెలియుటకంటె లాభమేమున్నది? ఆటగాండ్రకు మాత్రము ఒప్పుకొన్న సొమ్ము పూర్తిగా ముట్టనే లేదు.

ఆ ఎనమండుగురిలో బక్ వీవర్ కథ వేరు. కుట్ర సాగిన సమావేశములలో అతడు కూర్చుండెను గాని, సొమ్ము పుచ్చుకొన్నట్లు రుజువు లేదు. పోటీలో అతని ఆట లోపము లేక సాగెను. అయినను తోటివారి గుట్టును అతడు యాజమాన్యమునకు తెలుపలేదు. 1921 ఆగస్టు 2న జ్యూరీ వారిని నిర్దోషులనెను. మరునాడే బేస్‌బాల్ కమిషనరు లాండిస్ ఎనమండుగురిని శాశ్వతముగా బహిష్కరించెను. కుట్ర నెరిగియు చెప్పనివాడు దోషియే యని ఆయన నిర్ణయము.

క్రికెట్ లోకము ఈ పాఠమును ఆలస్యముగా నేర్చెను. 2000లో దక్షిణాఫ్రికా నాయకుడు హాన్సీ క్రోన్యే బుకీతో జరిపిన సంభాషణలను ఢిల్లీ పోలీసులు వెల్లడించిరి. ఆ యేడే అంతర్జాతీయ క్రికెట్ మండలి అవినీతి నిరోధక విభాగమును నెలకొల్పెను. బుకీ తన్ను సమీపించిన సంగతిని దాచుటయు నేడు నేరమే. 2018లో హైదరాబాదు ఐ.పి.ఎల్. జట్టులో ఆడుచున్న కాలమునాటి సంప్రదింపుతో సహా మూడింటిని తెలుపనందుకు, బంగ్లాదేశ్ నాయకుడు షకీబ్ అల్ హసన్‌కు 2019లో రెండేండ్ల నిషేధము పడెను; అందొక యేడు షరతుపై నిలిపివేయబడెను. అతడు ఆటను అమ్మెనని ఎవ్వరు ననలేదు.

పరీక్షలో మిత్రుడు చీటీ చూచి వ్రాయుట కనిపెట్టి ఊరకుండు విద్యార్థికి ఆ మౌనము స్నేహధర్మముగానే తోచును. వీవరునకును అట్లే తోచియుండవచ్చును. కాని కష్టపడి చదివినవానికి ఆ మౌనము వలన అన్యాయము జరుగును. చెప్పినవానిని చాడీకోరని నిందింపక కాపాడు పెద్దలు లేనిచోట ఏ నియమమును నిలువదు.

వీవర్ తన నిషేధమును తొలగింపుమని పలుమార్లు అర్థించెను. 1956లో మరణించువరకు అది నెరవేరలేదు. చనిపోయినవారిపై ఇట్టి నిషేధములు చెల్లవని 2025లో బేస్‌బాల్ అధికారులు నిర్ణయించిరి. అప్పటికి అతడు పోయి అరువదితొమ్మిదేండ్లు.