పెరటి వసారాకు పునాది లెక్క

నిరుడు మా పెరటియందు వసారా వేయదలచి, మేస్త్రి నోటిమాట నమ్మి 6 బస్తాల సిమెంటు కొంటిమి. సగము మిగిలి, వానచెమ్మకు రాయియయ్యెను. మావారి బడిజీతములో నెలలు కూర్చిన సొమ్ము మట్టిపాలయ్యెను. పిమ్మట మేమే లెక్క వేసి చూచితిమి.

ఒక్కొక్క స్తంభము క్రింద 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 1 అడుగు మందము గల కాంక్రీటు. స్తంభములు నాలుగు గనుక మొత్తము 16 ఘనపుటడుగులు. నీరు కలిపి కూరగా సరుకు క్రుంగును. కావున పొడిసరుకు ఒకటిన్నర రెట్లకు పైగా, దాదాపు 25 ఘనపుటడుగులు కావలెను. 1:2:4 పాళ్లలో 50 కిలోల సిమెంటు బస్తాలు 3, ఇసుక 7, కంకర 14 ఘనపుటడుగులు. వీని ధరలకు త్రవ్వకపు కూలి, మేస్త్రి కూలి చేర్చిన ఖర్చు తేలును.

కొలిచిన పిమ్మటనే కొంగుముడి విప్పుదము!