పాత యిల్లు పడగొట్టించుట

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి గాని, ఇల్లు పడగొట్టి చూడుమని యెవరును చెప్పలేదు. తాతలు కట్టిన యింటిలోనే మనుమలు కాపురము చేసిన దినములలో ఆ యవసరము తఱచుగా రాలేదు. ఇప్పుడన్ననో, పట్టణములందే గాక పల్లెలందును పెంకుటిండ్లు తీసివేసి డాబాలు కట్టుట సాధారణమైనది. క్రొత్త యింటి వంటగది యే దిక్కున నుండవలెనో నెలల తరబడి యాలోచించు మనము, పాత యింటిని దింపు కంట్రాక్టరు నెన్నుకొనుటకు ఒక్క పూటయైనను వెచ్చింపము. “ఎవరు హెచ్చు పాడిన వారికే” యని మగవారు బేరము ముగింతురు. ఆ బేరములో ఇల్లాలి మాటయు నుండవలెనని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

బేరము రెండు విధములు

టేకు దూలములు, వాసములు, చెక్కిన ద్వారబంధములు గల పెంకుటిల్లయినచో, కంట్రాక్టరు సామాను తానే తీసికొని యజమానికి ఎదురు సొమ్మిచ్చును. కాంక్రీటు ఇల్లయినచో, అందు అమ్ముడుపోవునవి ఇనుపకడ్డీలు, తలుపులు, కిటికీలు మాత్రమే గనుక, తఱచుగా యజమానియే కూలి యిచ్చుకొనవలసి వచ్చును. మొదటి విధమున ఆశ యెక్కువ, మోసమును ఎక్కువ. అందఱికంటె హెచ్చు సొమ్మిచ్చువాడు ఆ హెచ్చును ఎచ్చటనో రాబట్టుకొనక మానడు. కూలీలను తగ్గించును, ఆసరాకఱ్ఱలు పెట్టడు, వారము పట్టు పనిని మూడు దినములలో ముగించును, శిథిలములను రాత్రివేళ ఏ చెఱువులోనో పోయించును. ఒక కూలివానిమీద గోడ కూలినచో ఆ హెచ్చు సొమ్ము మనకు మిగులునా?

మన సామాను లెక్క

కావున బేరమునకు ముందు మన యింట నేమున్నదో మనమే యెఱుగవలెను. కలపను ఘనపుటడుగులలో కొలుతురు. పండ్రెండు అడుగుల పొడవు, తొమ్మిది అంగుళముల లోతు, ఆరు అంగుళముల వెడల్పు గల దూలములో 4½ ఘనపుటడుగుల కలప యుండును. అట్టివి పది యున్నచో 45 అడుగులు. ఇంటిపద్దులు వ్రాయు గృహిణికి ఈ లెక్క కష్టము గాదు. పాత టేకు ధరను రెండు మూడు కలప అడితీలలో విచారించినచో, ఇల్లు ఏపాటి చేయునో తెలియును. అయితే గోడలో నాటుకొన్న దూలపు కొనలను చెదలు తినియుండ వచ్చును. వానిని పొడిచి చూచి గాని లెక్క వేయరాదు.

సున్నముతోనో మట్టితోనో కట్టిన గోడల యిటుకలు సులభముగా విడివడి మరల పనికివచ్చును. సిమెంటుతో కట్టినవి చాలవఱకు పగిలిపోవును. మంగుళూరు పెంకులు, కడపరాళ్లు, గవాక్షపు ఊచలు, పెరటిలోని రుబ్బురోలు, వీనిలో ఏవి మనమే యుంచుకొందుమో ముందుగా జాబితా వ్రాసికొనవలెను. అమ్మమ్మ పెండ్లినాటి వీథితలుపు పోయినదని పని ముగిసిన తరువాత వగచిన ఫలము లేదు.

కంట్రాక్టరును వెదకు విధము

ఇల్లు కట్టు మేస్త్రీని, ఇంజనీరును, కలప వర్తకుని అడిగి కనీసము ముగ్గురిని పిలిపించి, ఇల్లంతయు చూపి ధర చెప్పించుడు. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: వారిప్పుడు పడగొట్టుచున్న యింటికి స్వయముగా పోయి చూడవలెను. కట్టిన క్రమమునకు వ్యతిరేకముగా దింపుట మంచి పద్ధతి. మొదట తలుపులు, కిటికీలు, పిమ్మట పెంకులు, వాసములు, దూలములు, చివరకు గోడలు పైవరుస నుండి క్రిందికి తీయవలెను. గోడ మొదలు త్రవ్వి త్రోసివేయువాని కడకు మరల పోకుడు. దుమ్ము లేవకుండ నీరు చల్లుచున్నారా? పైన కొట్టుచుండగా క్రింద ఎవరైన తిరుగుచున్నారా? వెనుకటి యింటి ప్రక్కవారు ఏమందురు? ఈ మూడు ప్రశ్నలకు దొరకిన సమాధానములే వాని యోగ్యతాపత్రము.

ఇఱుకు సందులో యంత్రము పనికిరాదు. గోడ ఉమ్మడిదైనచో దస్తావేజులు చూచి, పొరుగువారితో మాటాడి, ఆ భాగమును చేతిపనితోనే విడదీయించుడు. వారి గోడలలో ముందే యున్న బీటలను వారి యెదుటనే ఫొటోలు తీయించి, తేదీ వేసి ఉంచుడు. తరువాత వచ్చు తగవులు చాలవఱకు తప్పును.

ముందు చేయవలసినవి

క్రొత్త యింటికి అనుమతి చేతికి వచ్చువఱకు పాత యింటిపై గడ్డపార వేయనీయకుడు. పాత యిల్లు వీథి యంచువఱకు ఉన్నను, క్రొత్తది నిబంధనల ప్రకారము వెనుకకు జరుగవలసి వచ్చును; మిగులు స్థలమెంతయో తెలిసిన పిమ్మటనే నిర్ణయము మంచిది. కరెంటు మెయిను ఆపుట చాలదు; ఆఫీసుకు దరఖాస్తు పెట్టి సర్వీసు తీగను, మీటరును తీయింపవలెను. పాత నూతికి గట్టి కప్పు వేయింపవలెను. సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపరాదు. అట్టి ప్రమాదకరమైన పనిని 2013 నాటి చట్టము నిషేధించినది. ఆస్‌బెస్టాస్ రేకులున్నచో పగులగొట్టక, తడిపి, నిండురేకులుగా దింపింపవలెను. దాని పొడి ఊపిరితిత్తులలో క్యాన్సరు కలిగించును. వానకాలమున ఈ పని పెట్టుకొనరాదు. నానిన మట్టిగోడ చెప్పక కూలును.

పనివారి క్షేమము

తట్టలు మోయువారిలో స్త్రీలే యెక్కువ. చంటిబిడ్డను గోడనీడను చీరయుయ్యెలలో పండుకొనబెట్టి పనిచేయు తల్లిని మనమందఱము చూచినవారమే. ఆ యుయ్యెల పని జరుగుచోటికి దూరముగా నుండునట్లు చూచుట, త్రాగునీరు, తలకు హెల్మెట్టు, కాళ్లకు బూట్లు ఉన్నవో లేవో యడుగుట ఇల్లాలి వంతు. ప్రమాదము జరిగినచో వైద్యమునకును, పరిహారమునకును కంట్రాక్టరు చేయు నేర్పాటేమో బేరమునాడే తేల్చుకొనవలెను.

వ్రాతలో నుండవలసినవి

నోటిమాట చాలదు. పని ముగియు తేదీ, మనముంచుకొను వస్తువుల జాబితా, పొరుగుగోడకు నష్టము కలిగినచో బాగుచేయువారెవరు, శిథిలము లెచ్చటికి పోవును అనునవన్నియు కాగితముపై నుండవలెను. శిథిలములను వీథులందును కాలువలందును పోయరాదనియు, వాని బాధ్యత పుట్టించినవారిదే ననియు 2016లోనే కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. హైదరాబాదులోని జీడిమెట్లలో 2020 నుండి ఇట్టి శిథిలములను ఇసుకగాను కంకరగాను మార్చు కర్మాగార మున్నది. పని నేలమట్టమువఱకా, పునాదిరాళ్లు కూడ తీయుటయా యన్నదియు స్పష్టముగా వ్రాయింపుడు. ఎక్కువ తగవులు ఇచ్చటనే పుట్టును. కూలి మన మిచ్చునప్పుడు మూడవవంతైన చివరకు నిలుపుకొనుడు. సామాను వారిది యైనచో, ఎదురు సొమ్మంతయు చేతికి వచ్చిన పిదపనే మొదటి పెంకు దింపనిండు.

సోదరీమణులారా! క్రొత్త గృహప్రవేశమునాడు పొరుగువారు తాంబూలమునకు సంతోషముతో రావలెనన్నచో, పాత యింటిని పనివారికి గాయము లేకయు, ఇరుగుపొరుగునకు కీడు లేకయు దింపింపవలెను. అందుకు తగినవాడు నూఱు రూపాయలు తక్కువ యిచ్చినను, వానినే పిలిపింపుడు.