బుల్లి రైళ్లకో చిట్టా

కుప్పం స్టేషన్లో ఆగిన గూడ్సు బండి పక్కన నడిస్తే, ప్రతి వ్యాగను మీదా పదకొండు అంకెల సంఖ్య కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీది జనం దాన్ని పట్టించుకోరు. ఆ వ్యాగను జాతకమంతా ఉన్నది అందులోనే. మొదటి రెండంకెలు దాని రకం చెబుతాయి. తర్వాతి రెండూ ఏ రైల్వేదో చెబుతాయి: దక్షిణ రైల్వేకు 06, దక్షిణ మధ్య రైల్వేకు 09, కుప్పం మీదుగా బెంగళూరు లైను నడిపే నైరుతి రైల్వేకు 15. ఆ పైన తయారైన సంవత్సరం, తర్వాత నాలుగంకెల వరస నంబరు. పదకొండోది కాపలా అంకె.

ఆ కాపలా ఎలా పనిచేస్తుందో ఒక ఊహా సంఖ్యతో చూడవచ్చు. 30 రకం, అంటే మూత ఉన్న వ్యాగను, 09 రైల్వే, 2012 తయారీ, వరస నంబరు 1234. మొత్తం 3009121234. సరి స్థానాల్లోని అంకెలు కూడితే 17, దానికి మూడు రెట్లు 51. బేసి స్థానాలవి కూడితే 8. రెండూ కలిపి 59. పై పదికి, అంటే 60కి, ఒకటి తక్కువ. కాబట్టి పదకొండో అంకె 1. గుమాస్తా తొందరలో 12కు బదులు 21 అని రాశాడనుకోండి, లెక్క 57కు వస్తుంది, చివర 3 ఉండాలి. వ్యాగను మీదేమో 1 ఉంది. తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

దేశమంతా తిరిగే వ్యాగన్లకు ఇంత కట్టుదిట్టం అవసరమే. మరి ఇంట్లో బీరువా దాటని బుల్లి రైళ్లకు ఎందుకు? మోడల్ రైళ్లు సేకరించేవాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రటి పట్టా ఉన్నంతవరకు అన్నీ గుర్తే ఉంటాయి. పదేళ్లు గడిచేసరికి అట్టపెట్టెలు మంచం కిందికీ అటక మీదికీ చేరతాయి. ఉన్న పెట్టెనే మళ్లీ కొనడం అప్పుడు మొదలవుతుంది. ఈ సరదాలో మునిగినవాళ్లు ఏ దేశంలోనైనా నవ్వుతూ ఒప్పుకునే సంగతే ఇది.

చిట్టా రాయడం మొదలుపెడితే ముందుగా తేల్చవలసింది కొలత. హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు. బ్రిటన్‌లో హార్న్‌బీ వంటి కంపెనీలు చేసే ఓఓ రకం 76వ వంతు. తిరకాసేమిటంటే రెండూ నడిచేది 16.5 మిల్లీమీటర్ల పట్టా మీదనే. పట్టా కలిసింది కదా అని రెండింటినీ ఒకే బండిగా తగిలిస్తే, ఒక పెట్టె పక్కన ఇంకోటి లావుగా, ఎత్తుగా నిలబడుతుంది. అందుకే చిట్టాలో స్కేలుకు ఒక గడి, గేజికి వేరే గడి ఉండాలి.

మన రైళ్ల దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. భారతీయ బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 దాటుతుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. అంటే ఆ పట్టా మీద నడిచే కుప్పం ఎక్స్‌ప్రెస్ ఏదైనా, పట్టాల వరకు కొంత అబద్ధమే. మదనపల్లె రోడ్డు మీదుగా ఒకప్పుడు నడిచిన మీటర్‌గేజ్ బండికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. వెయ్యి మిల్లీమీటర్లను 87తో భాగిస్తే పదకొండున్నర. హెచ్‌ఓ మీటర్‌గేజ్ కోసం అమ్మే పట్టా 12. అర మిల్లీమీటరు తేడాను కన్ను పట్టదు.

ధర్మవరం నుంచి పాకాలకు ఆ మీటర్‌గేజ్ లైను 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే వేసింది. మదనపల్లెకు స్టేషను ఊళ్లో రాలేదు, దూరంగా సీటీఎం అనే ఊరి దగ్గర వచ్చింది. అందుకే పేరు చివర ‘రోడ్డు’ తగిలింది. కుప్పం లైను అంతకంటే పాతది. మద్రాసు రైల్వే జోలార్‌పేట నుంచి బెంగళూరుకు 1864లోనే బ్రాడ్‌గేజ్ నడిపింది. ఈ తేదీలు సేకరణకు ఎందుకంటే, పెట్టె మీది అక్షరాలే దాని కాలాన్ని పట్టిస్తాయి. బండి మీద సౌత్ ఇండియన్ రైల్వే అని ఉంటే అది 1951 ఏప్రిల్‌కు ముందుది. ఆ నెలలో దక్షిణ రైల్వే ఏర్పడింది. పాకాల లైను ఉన్న గుంతకల్లు డివిజను 1977లో దక్షిణ మధ్య రైల్వేలో కలిసింది కాబట్టి ఆ తర్వాతి బండి మీద రాత మళ్లీ మారుతుంది. కుప్పం వైపు బండికి మద్రాసు రైల్వే, 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, తర్వాత దక్షిణ రైల్వే, 2003 నుంచి నైరుతి రైల్వే. చిట్టాలో ‘కాలం’ అనే గడి పెట్టుకుంటే 1940ల ఆవిరి ఇంజను వెనక 2003 నాటి పెట్టె తగిలించే పొరపాటు జరగదు. తెలిసే తగిలిస్తే అది వేరే సంగతి, ఎవరి సరదా వారిది.

పెట్టెల నంబర్లూ ఇలాగే మాట్లాడతాయి. మనం ఎక్కిన చాలా పెట్టెల మీద ఉన్నది ఐదంకెల సంఖ్య. మొదటి రెండూ తయారైన సంవత్సరం, మిగతా మూడూ రకం: 200 నుంచి 399 దాకా స్లీపర్, 400 నుంచి 599 దాకా జనరల్. 04215 అంటే 2004లో తయారైన స్లీపర్ పెట్టె. ఇంజన్లకు అక్షరాలున్నాయి. డబ్ల్యూ బ్రాడ్‌గేజ్, వై మీటర్‌గేజ్. డి డీజిల్, ఎ కరెంటు. పి ప్రయాణికులకు, జి గూడ్సుకు, ఎం రెండింటికీ. ఆవిరి ఇంజను పేరులో మధ్య అక్షరం ఉండదు, వైపీ, వైజీ అని ఊరుకుంటారు. ఇంత చక్కటి పద్ధతి చేతిలో ఉంటే ఇంట్లో సేకరణకు కొత్త పేర్లు కల్పించుకోనక్కరలేదు. ‘నీలం ఇంజను-2’ అని రాసుకున్న చిట్టా మూడేళ్ల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు.

పుంగనూరుకు రైలు లేదు. కానీ చిన్న ఆకారానికి, పద్దుకు సంబంధం ఉన్న మరో వ్యవహారం అక్కడిది. సుమారు మూడడుగుల ఎత్తులోనే ఆగిపోయే పుంగనూరు ఆవును కాపాడే పనిలో పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఉంది. ఏ దూడకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న పద్దు లేకపోతే జాతి నిలబెట్టడం సాగదు. దేశంలో పశువుల చెవికి వేస్తున్న పసుపు బిళ్ల మీద పన్నెండంకెలుంటాయి. వ్యాగను కంటే ఒకటి ఎక్కువే.

చిట్టా లేని సేకరణ యజమాని పోయాక ఏమవుతుందో చెప్పే అతిపెద్ద ఉదాహరణ హైదరాబాదులో ఉంది, దానికి మదనపల్లెతో చుట్టరికం కూడా ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చి 2న చనిపోయారు. పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. జీవితమంతా కొన్న బొమ్మలు, గడియారాలు, కత్తులు, పింగాణీ, రాతప్రతులు ఆయన దేవిడీల్లో చెల్లాచెదురుగా మిగిలాయి. అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడి వీటితో మ్యూజియం పెట్టాలని తలచి, సర్దే పనికి పిలిచింది డాక్టర్ జేమ్స్ కజిన్స్‌ని.

కజిన్స్ పేరు మదనపల్లెలో ఎక్కువగా వినిపించేది జనగణమన కథలో. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ప్రిన్సిపాల్ ఆయనే. స్వరాలు రాసిపెట్టింది ఆయన భార్య మార్గరెట్. ఆ కథ వెలుగులో ఆయన రెండో వృత్తి మరుగున పడింది. బెల్‌ఫాస్ట్‌లో 1873లో పుట్టిన ఈ ఐరిష్ కవి, 1915లో అనీ బిసెంట్ పిలుపుతో భారతదేశానికి వచ్చాడు. మెల్లగా చిత్రకళ వైపు తిరిగి, 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో చిత్రశాలను, 1935లో తిరువనంతపురంలో శ్రీచిత్ర గ్యాలరీని తీర్చిదిద్దాడు. అంటే హైదరాబాదు కబురు వచ్చేనాటికి రాజుల సేకరణలను జనం చూసేలా సర్దడంలో ఆయనది ఆరితేరిన చెయ్యి. వయసు మాత్రం డెబ్బై అయిదు దాటింది.

1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. నలభై వేలకు పైబడిన వస్తువుల్లో కొన్నింటి కథ ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలుగుతున్నాం. ముసుగు రెబెక్కా శిల్పాన్ని చెక్కింది బెంజోని, దాన్ని 1876లో రోములో కొన్నది మొదటి సాలార్‌జంగ్. ఎవరు చేశారు, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కొన్నారు అన్న ఈ నాలుగు ముక్కలు పక్కన లేని వస్తువు ఎంత అందమైనదైనా ఊరూ పేరూ లేని వస్తువే. అదృష్టవశాత్తు సాలార్‌జంగ్ సేకరణకు ఒక కజిన్స్ దొరికాడు. ఇంటి అటక మీది రైళ్లకు అలాంటివాళ్లు రారు. కజిన్స్ 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

మ్యూజియంలు వస్తువు గుమ్మం దాటి లోపలికి వచ్చిన రోజే దానికి నంబరు వేసి పెద్ద రిజిస్టరులో ఎక్కిస్తాయి. ఒకసారి వాడిన నంబరును, ఆ వస్తువు పోయినా, ఇంకొకదానికి ఇవ్వవు. ఇంట్లోనూ ఇదే పనికొస్తుంది. అమ్మేసిన ఇంజను గడిని చెరిపేయకుండా ‘అమ్మాను, ఎప్పుడు, ఎంతకు’ అని రాసి వదిలేయాలి. కొన్న రోజే రాయడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే రసీదు, ధర, అమ్మినవారి పేరు చేతిలో ఉండేది ఆ రోజే. నంబరును బొమ్మ ఒంటి మీద రాయకూడదు. అట్ట మీద, లేదంటే బొమ్మ అడుగున తీయడానికి వీలైన చిన్న కాగితం మీద రాస్తే చాలు. అసలు అట్టపెట్టెను పారేయకుండా దానికీ అదే నంబరు వేయాలి, పెట్టెతో సహా ఉన్న మోడల్ ధర ఎప్పుడూ ఒక మెట్టు పైనే.

మన దగ్గర మరో గడి కూడా కావాలి: మార్పులు. భారతీయ ఇంజన్ల మోడళ్లు విరివిగా దొరకవు కనుక చాలామంది విదేశీ మోడల్ కొని, కోసి, రంగు మార్చి మన ఇంజనుగా మలుచుకుంటారు. అందుకు కొంత చుట్టరికమూ ఉంది. డబ్ల్యూడీఎం-2 పుట్టిందే అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనా నుంచి. 1962లో మొదటివి అక్కడి నుంచే వచ్చాయి, తర్వాత వారణాసిలో చేశారు. అసలు మోడల్ ఏ కంపెనీది, దాని కేటలాగు నంబరు ఎంత అన్నది చిట్టాలో లేకపోతే, మోటారు పాడైనప్పుడు ఏ విడిభాగం తెప్పించాలో తెలియదు. పైన రంగు చూస్తే గుంతకల్లు ఇంజను, లోపల మరలు ఇంకో దేశానివి.

డిజిటల్ పద్ధతిలో నడిపేవాళ్లకు చిట్టా లేకపోతే బండే కదలదు, లేదా రెండు బండ్లు కదులుతాయి. డీసీసీ అనే ఈ పద్ధతిలో ప్రతి ఇంజనులో ఒక చిన్న చిప్పు, దానికో అడ్రసు ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అన్నిటి అడ్రసూ మామూలుగా 3. మార్చకుండా రెండు కొత్త ఇంజన్లను పట్టా మీద పెట్టి మూడు నొక్కితే రెండూ ఒకేసారి బయల్దేరతాయి. అందుకని చాలామంది ఇంజను మీది నంబరులో చివరి అంకెలనే అడ్రసుగా పెట్టుకుని, చిట్టాలో రాసుకుంటారు.

వస్తువు స్థితి రాసే గడిని బద్ధకంతో వదిలేస్తారు. పాత లోహపు మోడళ్లలో, ముఖ్యంగా రెండో ప్రపంచయుద్ధానికి ముందు పోతపోసిన వాటిలో, జింకు మిశ్రమంలో సీసం కలిసి ఉంటే ఏళ్ల తరబడి బీటలు వారి, ఉబ్బి, చివరకు పొడిపొడి అవుతాయి. దీనికి మందు లేదు. నిరుడు చక్రం దగ్గర వెంట్రుకవాసి బీట ఉందా లేదా అన్నది రాసిపెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. చెదలు, వానాకాలపు చెమ్మ, కప్లింగులు విరగ్గొట్టే పిల్లల సంగతి సరేసరి.

రాసేది ఎక్కడ? చారల నోటుపుస్తకం బాగానే పనిచేస్తుంది, ఎక్సెల్ ఇంకా బాగా వెతుకుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువుల వివరాలు కూడా సీడాక్ సంస్థ తయారుచేసిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్ ద్వారా కంప్యూటర్లోకి ఎక్కాయి. ఇంటివాళ్లకు అంత అవసరం లేదు. ఒక్క జాగ్రత్త చాలు: నంబర్లుండే గడిని ముందే అక్షరాల గడిగా మార్చుకోవాలి. లేకపోతే ఎక్సెల్ ముందున్న సున్నాను మింగేసి, 04215 స్లీపర్‌ని 4215గా చూపిస్తుంది. 2004 నాటి పెట్టె కాస్తా 1942లో పుట్టినట్టు లెక్కకు వస్తుంది.