రెండు కళ్లకూ నకలు తీయాలి!

చిన్నప్పుడు వ్యూమాస్టర్‌లో తాజ్‌మహల్ చూసినవాళ్లకి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. 1939లో అమెరికాలో పుట్టిన ఆ బొమ్మల పెట్టెలో రీలుకి ఏడు దృశ్యాలే, ఫిల్మ్ ముక్కలు మాత్రం పద్నాలుగు. కుడికంటికొకటి, ఎడమకంటికొకటి. రెండూ మెదడులో కలిస్తేనే లోతు కనిపిస్తుంది.

ఆ ముక్క గోరంత. 120 ఫిల్మ్ మీద తీసే మీడియం ఫార్మాట్ స్టీరియో స్లైడ్ ఒక్కోటి అగ్గిపెట్టెకన్నా పెద్దది. రష్యావాళ్ల స్పుత్నిక్ కెమెరాతో రోలుకి ఆరు జతలే వచ్చేవి. టెక్కలి పక్కన రావివలసలో కప్పులేకుండా ఆరుబయటే కొలువైన ఎండల మల్లన్నని, ముందు భక్తుల్నీ వెనక కొండనీ కలిపి అలా తీస్తే... వ్యూయర్‌లో కన్ను పెట్టినవాళ్లు చెయ్యి చాపి తాకబోతారు.

మల్లన్నకి ఎండ ఇష్టం. స్లైడుకి మాత్రం అస్సలు పడదు, రంగు వెలిసిపోతుంది. ఉద్దానం తీరంలోని చెమ్మ ఇంకా ప్రమాదం, బూజు పడుతుంది. పైగా స్లైడుకి నెగెటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మే చివరి బొమ్మ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. అంతకుముందు తీసిన తోట స్లైడు ఎవరింట్లోనైనా ఉందనుకోండి, అది పాడైతే మళ్లీ తీయడానికి ఆ చెట్లు లేవు. అందుకే నకలు.

స్కాన్ చేస్తే సరిపోదా అంటారా? దాచుకోవడానికి సరిపోతుంది. వ్యూయర్‌లో పెట్టి చూడాలంటే మాత్రం మళ్లీ ఫిల్మే కావాలి. అసలు స్లైడుని వెనకనుంచి వెలుగిచ్చే పెట్టెమీద ఉంచి, అదే సైజులో కొత్త స్లైడ్ ఫిల్మ్ మీద తీస్తారు. లేదా చీకటిగదిలో రెండు ఫిల్ములనీ ఒకదానిమీదొకటి అదిమి, ఎన్‌లార్జర్ వెలుగు చూపిస్తారు. మామూలు ఫిల్మ్ మీద నకలు తీస్తే నీడలు నల్లగా, వెలుగులు తెల్లగా మాడిపోతాయి. ఒకప్పుడు కొడాక్, ఫ్యూజీ కంపెనీలు నకళ్లకోసమే కాంట్రాస్ట్ తక్కువ ఫిల్మ్ చేసేవి. అవిప్పుడు రావడం లేదు. అందుకని ఫిల్మ్‌కి ముందుగా సన్నటి వెలుగు తగిలించి నీడలు కాస్త తేరుకునేలా చేస్తారు. తెలివైన పద్ధతే కానీ, మోతాదు కుదిరేదాకా రోళ్లు ఖర్చవుతాయి.

అసలు తంటా జతతోనే. రెండు బొమ్మలూ ఒకే రోలుమీద, ఒకే ఎక్స్‌పోజర్‌తో రావాలి. ఒకటి కాస్త ఎర్రబారినా కళ్లు పీకుతాయి. ఒకటి వెంట్రుకవాసి పైకి జరిగినా తలనొప్పే. ఒక్కదాని మీదే దుమ్ము పడిందా, అది గాల్లో తేలే ఈగలా కనిపిస్తుంది. కుడి ఎడమలు తారుమారైతే మరీ విడ్డూరం. ముందున్న భక్తులు కొండ వెనక్కి పోతారు!

ఇంత చాకిరీ పడలేనివాళ్లు కనీసం స్లైడుల్ని బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. జతని విడదీయకుండా, కుడి ఎడమలు అంచుమీదే రాసి.