బడిపిల్లల కంచమునకు ఊరుమ్మడి పొలము

ఏ ఊరి అడంగలు తిరుగవేసినను ప్రభుత్వపు బంజరో, పోరంబోకో కొంత కనబడకపోదు. తగవు వచ్చినపుడు తప్ప ఆ భూమిని తలచువారు లేరు. పేదలకు పంచవలెనని కొందరు, వేలము వేసి పంచాయతికి సొమ్ము చేర్చవలెనని కొందరు వాదింతురు. భూమిని ప్రజల చేతనే యుంచి, దానిపై పండినదానిని ప్రజల కంచమునకే చేర్చు మార్గ మింకొకటి కలదు. ఆ మార్గమున నడచిన యొక చిన్న ఊరి వృత్తాంతమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, కాన్, గ్రాస్ పట్టణముల నడుమ మువాన్-సార్తూ అను ఊరు గలదు. జనసంఖ్య సుమారు 10,000. గ్రాస్ అత్తరులకు ప్రసిద్ధి. ఆ ప్రాంతము ఒకప్పుడు జాజి, గులాబి తోటలకు పేరొందినది. ధనవంతులు సముద్రతీరమున విడిది మేడలకై ఎగబడగా సేద్యపు భూమి ఇండ్ల స్థలములుగా మారి, ధర రైతు కందనిదయ్యెను. హైదరాబాదు, విజయవాడల చుట్టుప్రక్కల పొలములున్న మన సభ్యులకు దీనిని వివరింప బనిలేదు.

1990ల నాటి పిచ్చియావు తెగులుతో ఐరోపాయందు మాంసమును గూర్చి భయము పుట్టగా, ఈ ఊరి పురపాలకులు బడిపిల్లలు తినుచున్నదేమని విచారించుకొనిరి. రసాయనముల సేద్యము లేని ఆహారమునే క్రమముగా పెట్టదలచిరి. అచ్చట చిక్కు వచ్చినది. ప్రభుత్వ సంస్థలు టెండరు పిలిచి కొనవలెను. టెండరులో ‘మా సమీపమున పండినదే కావలెను’ అని వ్రాయుటకు చట్ట మొప్పదు. అడిగినను అంత కూర సరఫరా చేయగల రైతులు దగ్గర లేరు.

కొనుట కుదరనిచో పండించుకొందము అని వారు నిశ్చయించిరి. 2005లో ఓట్-కోంబ్ అను ఎస్టేటును ఇండ్లు కట్టువారి పాలు గానీయక పురపాలక సంఘమే కొనెను. 2011 నాటికి అచ్చట కూరగాయల సేద్యము సాగుచుండెను. పొలము ఇప్పటికి సుమారు 6 హెక్టార్లు, అనగా 15 ఎకరములు మాత్రమే. మూడు బడులలో దినమునకు సుమారు వేయి భోజనములకు కావలసిన కూరలలో అధిక భాగము దానినుండియే వచ్చును. వేసవి సెలవులలో విరివిగా కాయు టమాటాలను నిలువచేసి చలికాలమునకు వాడుకొందురు. 2012 జనవరి 1 మొదలు ఆ బడుల భోజన మంతయు సేంద్రియమే.

ఖర్చు పెరుగలేదా యని సభ్యు లడుగుదురు; మేమును అదియే అడిగితిమి. జవాబు పొలములో లేదు, వంటశాలలో నున్నది. పిల్లలు పారవేయు ఆహారమును తూకము వేసి లెక్క వ్రాసిరి. ఎంత తినగలరో అంతే వడ్డించిరి, కావలసినచో మరల పెట్టిరి. పారవేత సుమారు 80 వంతులు తగ్గినది. మిగిలిన ఆ సొమ్మే మేలైన సరకునకు చాలినది! మన పెండ్లి విందుల విస్తళ్లను ఎవరైన తూచిన బాగుండును.

ఆ పొలమున పనిచేయువారు పురపాలక సంఘపు జీతగాండ్రు. ఈ యొక్క విషయమున మాకు సంశయము గలదు. నెలజీతపు సేద్యము అచ్చట నడచినను, మనకు సహకార సంఘము కౌలు తీసికొని సభ్యులచేత చేయించుటయే తగునని మా యభిప్రాయము. కౌలు గడువు మాత్రము పొడుగుగా నుండవలెను. రెండేండ్లకు పోవు భూమికి పశువుల యెరువు తోలువాడెవడు?

ఇంగ్లండు కథ వేరు. అచ్చట పెట్టుబడి లేని క్రొత్త రైతులకు కౌలుకిచ్చుటకై 1892, 1908 చట్టములచే కౌంటీ కౌన్సిళ్లు భూమిని సంపాదించినవి. 1977లో 4,26,000 ఎకరములకు పైబడియున్న ఆ పొలములు, కౌన్సిళ్లు సొమ్మునకై అమ్ముకొనుచు రాగా, 2017 నాటికి సగమైనవి. అమ్మిన సొమ్ము ఒక్కసారి వచ్చును. పోయిన కౌలు ఏటేటను పోవును.

మన దేశమున బడిపిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఉత్తరువిచ్చినది. మన బడులలో పెక్కింట వంట చేయువారు మహిళా సంఘములవారే. బిడ్డ కింతయని వచ్చు సొమ్ములోనే వారు కూర కొనవలెను. వంకాయల ధర పెరిగిన దినమున పప్పు పలుచనగును. ఊరి బంజరులో రెండెకరములు ఆ వంటశాలకే కేటాయించి, సంఘము పండించి, ఏడాది పొడవునను ఒకే ధరకు అమ్మినచో రైతునకు బేరము నిశ్చయము, వంటవారికి లెక్క నిశ్చయము.

అర్జీ పెట్టదలచిన సంఘములవారు మొదట ఆ సర్వే నంబరు ఏ తరగతిదో చూచుకొనవలెను. చెరువు శిఖమును, వాగు పోరంబోకును అడుగవలదు. అవి నీటికి విడిచినవి. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపుడని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆజ్ఞాపించినది కూడ. మేతబీడునైన పశువులు గలవారి నడుగక తాకరాదు. ఇక బడి తెరచు జూన్ నాటికి బెండ, గోరుచిక్కుడు చేతికి రావలెనన్నచో మండువేసవిలో నీరుండవలెను గనుక, బావి సంగతి తేలనిదే కౌలు కాగితము వ్రాసికొనవలదు.